సూది కింద పొడి

మా పిన్ని పోయి ఈ వానాకాలానికి ఏడాది. ఆమె పనిచేసిన పురుగుల మ్యూజియం అంతకన్నా చాలా ముందే పోయింది. ఆ మేడలో ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణం నడుస్తోంది. కింది గదిలో అద్దాల బీరువాలు వరసగా నిలబెట్టి ఫ్రేములు పేర్చారు. మొన్న కళ్లు చూపించుకోవడానికి వెళ్లినదాన్ని, ఒక బీరువా ముందు వంగి, ఫ్రేముల కింద పొడి ఏమైనా రాలిందా అని చూస్తూ ఉండిపోయాను. దుకాణంలో అమ్మాయి వచ్చి, "ఏం వెతుకుతున్నారండీ?" అంది. ఏమీ లేదన్నాను.

ఆ మేడ కట్టించిన మనిషి పళ్ల డాక్టరు. కింద పళ్లు పీకేవాడు, మేడమీద పురుగులు గుచ్చేవాడు. బయట బల్లమీద కూర్చున్న రోగులు లోపలి కేకలు విని దవడ పట్టుకుని మెల్లగా జారుకునేవారట. వాళ్ల కళ్లు వేరే దేనిమీదైనా నిలపాలని, ఒక అద్దాల పెట్టె నిండా పెంకుపురుగులు గుచ్చి గోడకు తగిలించాడు. ఆకుపచ్చవీ, రాగిరంగువీ, కొమ్ములున్నవీ. జారుకోవడం తగ్గింది. కొన్నాళ్లకు పన్ను నెప్పి లేనివాళ్లు కూడా వచ్చి ఆ బల్లమీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఇంకో పెట్టె వచ్చింది, తర్వాత బీరువా వచ్చింది. పెళ్లాం పిల్లలు లేని మనిషి, పోయేముందు మేడా పురుగులూ నగరానికి రాసిచ్చాడు. నగరం వాళ్లు గుమ్మానికి బోర్డు కొట్టించి ఒక క్యూరేటర్నీ, ఒక అటెండర్నీ, గేటుకు ఒక మనిషినీ వేశారు. ఆ అటెండరు మా బాబాయి.

మా అమ్మ నా పురిట్లోనే పోతే, ఆమె చెల్లెలు, అంటే మా పిన్ని, నన్ను తెచ్చుకుని పెంచింది. వాళ్లకు వేరే పిల్లలు కలగలేదు. కాబట్టి నాకు గుర్తున్న ఇల్లంటే వాళ్లదే. రెండు గదులు, వెనక నీళ్ల గది, ఆ గది తలుపు పక్కన ఒక మేకు. బాబాయి పనికోటు ఎప్పుడూ ఆ మేకు దాటి లోపలికి రాకూడదు.

"ఆగండక్కడ! పిల్లని ముట్టుకోకండి. ముందు నీళ్లు పోసుకుని రండి. రోజూ శవాల వాసన మోసుకొస్తారు ఇంట్లోకి."

"శవాల వాసన కాదే, కలరా ఉండల వాసన."

"ఆ ఉండలు ఎవరికి పెడుతున్నారట? బతికున్నవాటికా?"

బాబాయి కోటు జేబులోంచి చిన్న చెక్కపెట్టె తీసి, చిటికెడు ముక్కుపొడుం ఎక్కించుకుని నీళ్ల గదిలోకి పోయేవాడు. ఆయన తుమ్మేవాడు కాదు. పిన్నీ నేనూ తుమ్మేవాళ్లం. పొడుం ఆయన స్వయంగా తయారుచేసుకునేవాడు. సంతలోంచి పొగాకు తెచ్చి, పెనం మీద వేయించి, రోట్లో నూరి, గుడ్డలో జల్లించేవాడు. వేయించిన రోజు వీధంతా దగ్గేది. పిన్ని తలుపులు తెరిచి, "పక్కింటావిడ అడిగింది, మీ ఆయన ఎవరిని తగలబెడుతున్నాడని" అనేది. బాబాయి పెనం దించకుండానే, "ఇంకా ఎవరినీ లేదని చెప్పు" అనేవాడు.

ఆయనకు చదువు పెద్దగా లేదు కానీ దీపం పురుగులంటే పిచ్చి. పగటి సీతాకోకచిలుకలకు చుట్టాలవి, చీకటి పడ్డాక తిరుగుతాయి. ఊరి చివర సున్నపురాయి గనుల మీద తెల్లగుడ్డ కట్టి, దాని ముందు దీపం పెడితే వచ్చి వాలతాయి. సెలవు దొరికితే అక్కడికే వెళ్లేవాడు. తెచ్చినవన్నీ మ్యూజియంలోకే చేరేవి. ప్రతి సూది కిందా గోరంత చీటీ ఉంటుంది, ఏ చోట, ఏ తేదీ, ఎవరు పట్టారు అని. అటెండరు పట్టుకొచ్చినవాటి కింద మామూలుగా మ్యూజియం పేరే ఉండేది. బాబాయికి దాని మీద కోపం ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. పిన్నికి మాత్రం ఉండేది. "గని అంచుల్లో మోకాళ్లు చెక్కుకునేది ఈయన, పేరు గోడలకి" అనేది.

ఒకసారి అలా వెళ్లినవాడు తిరిగి రాలేదు. పొద్దున్నే వెతకడానికి వెళ్లినవాళ్లకు పైన తెల్లగుడ్డ గాలికి కొట్టుకుంటూ కనిపించింది. దీపం ఇంకా వెలుగుతోంది. ఆయన కింద, గోతిలో ఉన్నాడు. గుడ్డ పక్కన ఒక చెక్కపెట్టె, అందులో కాగితం పొట్లాల్లో చుట్టిన పురుగులు. జేబులో ఉండాల్సిన పొడుం పెట్టె కూడా దాంట్లోనే ఉంది, మూత ఊడి, పొట్లాల మీదంతా ఒలికి. అదేమిటో పిన్ని ఏడవకుండా ఆ పెట్టె తెరిచి ముందు తుమ్మింది. ఆ తర్వాతే ఏడ్చింది.

ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. బొద్దింక కనబడితే పీటెక్కి నన్ను కేకేసే మనిషి. మొదటిరోజు క్యూరేటర్ గారు ఆమె ముందు ఆ చెక్కపెట్టే పెట్టారు. ఆయన పొట్టి మనిషి, మెడలో దారానికి ఒక భూతద్దం వేలాడుతూ ఉండేది. "వీటితోనే నేర్చుకో అమ్మా. పాడైనా ఏమీ అనను" అన్నారు.

ఎండిపోయిన పురుగు రెక్క తాకితే విరుగుతుంది. తడి ఇసుక పోసిన డబ్బాలో ఉంచితే రెండుమూడు రోజులకు కీళ్లు మెత్తబడతాయి. అప్పుడు నడుమ గాడి ఉన్న చెక్కమీద పెట్టి, వీపులోంచి సూది దింపి, రెక్కలు విప్పి, పైన కాగితం పట్టీలు కట్టి ఆరనివ్వాలి. పళ్ల డాక్టరు వాడిన పట్టకారే అక్కడ వాడేవాళ్లు. మొదట్లో పిన్ని చేతిలో నాలుగైదు రెక్కలు చిరిగాయి. ఆ రాత్రుళ్లు ఆమె అన్నం ముందు కూర్చుని వేళ్లు చూసుకుంటూ ఉండేది. తర్వాత చెయ్యి కుదిరింది. గేటు దగ్గర కూర్చునే ముసలాయన, మేమంతా గేటు తాత అనేవాళ్లం, ఆమెకు సూదులమ్మ అని పేరు పెట్టాడు. ఎప్పుడు చూసినా దవడలో పొగాకు పెట్టుకుని నమిలే మనిషి.

"సూదులమ్మా, నాకో సూది గుచ్చి బీరువాలో పెట్టకూడదూ? ఈ ఎండలో కూర్చోలేకపోతున్నా."

"నీకు సరిపడే సూది లేదు తాతా. గునపం కావాలి."

చివరికి పురుగులన్నీ గుచ్చడం అయింది. చీటీలు రాసే రోజు పిన్ని క్యూరేటర్ గారి బల్ల దగ్గర నిలబడి అడిగిందట.

"పట్టినవారు అన్నచోట ఏం రాయమంటారు సార్? మ్యూజియం అనేనా?"

"పట్టిందెవరమ్మా?"

"ఆయనే."

"మరి నన్నడుగుతావేం?"

ఆమె అన్ని చీటీల మీదా బాబాయి పేరు రాసింది, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనబడనంత సన్నగా. ఆ చెక్కపెట్టెకే అద్దం మూత చేయించి, కింది గదిలో పళ్ల డాక్టరు బీరువా పక్కన పెట్టారు. రోజూ పొద్దున తలుపులు తెరవగానే ఆ అద్దం తుడిచేది. ఆయన పేరు రాసి ఉన్నది లోకంలో ఇంకెక్కడా లేదు. మా ఇల్లు అద్దెది. ఆయన్ని పూడ్చిన చోట గుర్తు కూడా లేదు. ఈ పెట్టె ఈ గదిలో ఉన్నంతకాలం ఆయన ఉన్నట్టే, అది నాకు ఆమె వేరే మాటల్లో చాలాసార్లు చెప్పింది. "గవర్నమెంటు బీరువా పక్కన కూర్చోబెట్టానే మీ బాబాయిని. ఎవరు లేపుతారో చూస్తా" అనేది.

మ్యూజియంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి పెట్టెలో ఓ మూల కలరా ఉండ గుచ్చి ఉండాలి, కరిగిపోగానే కొత్తది పెట్టాలి. చచ్చిన పురుగుల్ని తినే పురుగులుంటాయి. ఒక పెట్టెలో పడితే సందుల్లోంచి పక్క పెట్టెలోకి పాకుతాయి. సూది కింద సన్నటి పొడి రాలి ఉంటే పురుగు పట్టినట్టు. అలా పట్టిన పెట్టెను చీటీలతో సహా పెరట్లో డ్రమ్ములో వేసి కాల్చేయాలి. ఉండలు పెట్టే పనీ, కాల్చే పనీ అటెండరువే.

పిన్ని అన్ని పెట్టెల్లోనూ ఉండలు పెట్టేది, ఒక్కదాంట్లో తప్ప. ఆ పెట్టె మూత తీస్తే ముక్కుపొడుం వాసన వచ్చేది. చెక్క పీల్చుకున్న వాసన. అక్కడ ఉండ పెడితే అది చచ్చిపోతుంది. ఇంటికి ఆయన మోసుకొచ్చిన వాసనను ఆమె రోజూ తిట్టి కడిగించింది. అందులో పొడుం వాసన కూడా పోయేది. ఇప్పుడు మిగిలిందల్లా ఆ పెట్టెలోనే ఉంది. ఎవరూ లేనప్పుడు మూత తీసేది, తుమ్మేది. "ఉన్నాడు" అనుకుని మూసేది.

ఏళ్లు గడిచేకొద్దీ తుమ్ము రావడం తగ్గింది. నేను కాలేజీలో చేరేనాటికి మొహం పెట్టెలో దూర్చినా ఏమీ రావడం లేదని ఒకరోజు నాతో అంది. ఆ వారమే సంతకు వెళ్లి, బాబాయి కొనే చోటే పొగాకు కాడ కొంది. ఆకు మడిచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, పెట్టె మూలలో సూదితో గుచ్చింది. బాబాయి అయితే ఆకును పెనం మీద వేయించేవాడు. ఆమె వేయించలేదు. పీల్చడానికి కాదు కదా అనుకుంది.

పెనం వేడికి చావాల్సిన పురుగు గుడ్లు ఆకులో చావలేదు.

ఎండలు మండుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ పెట్టెను మా ఇంటి డాబామీద చూశాను. చూశాను కాదు, ఆమే నాకు దొరికిపోయింది. మ్యూజియం పెట్టె ఇంటికి తేకూడదు. పిన్ని ఎండలో గొంతుకూర్చుని, మూత తీసి, పట్టకారుతో ఏదో ఏరి నీళ్ల గిన్నెలో వేస్తోంది. ఆవగింజంత గోధుమరంగు పురుగులు, గూని వీపుతో. అన్నిటికన్నా పెద్ద దీపం పురుగు రెక్కలు పైకి బాగానే ఉన్నాయి. పిన్ని పట్టకారుతో ఒంటిని తాకితే కాగితపు గొట్టంలా లోపలికి నొక్కుకుపోయింది. సూది కింద పొడి కుప్ప.

"పిన్నీ, సారుకు చెప్పొచ్చుగా?"

"చెబితే ఏం చేస్తారో తెలుసా?"

"ఏం చేస్తారు?"

"ఆయనేం చేస్తారు? చేసేది నేనేగా. డ్రమ్ము నేనేగా వెలిగించేది."

"మరి పక్కవాటికి పాకితే?"

"పాకదు. ఎండకి చస్తాయి. నువ్వు నోరు మూసుకుని కిందకి పో, ఎవరైనా వస్తే లేనని చెప్పు."

పెట్టెను మళ్లీ తీసుకెళ్లి అదే చోట పెట్టింది. పొగాకు మూట తీసేసింది. కలరా ఉండలు కూడా పెట్టింది, ఒకటి కాదు, నాలుగు మూలలా నాలుగు. ఆ వాసనతో చచ్చేవి చచ్చాయేమో, మిగిలినవి అప్పటికే పక్కనున్న డాక్టరు బీరువాలో ఉన్నాయి.

వానలు పడ్డాక క్యూరేటర్ గారు పళ్ల డాక్టరు బీరువాలో మొదటి పెట్టె లాగారు. రోగుల కళ్లు నిలపడానికి డాక్టరు గోడకు తగిలించిన మొట్టమొదటి పెట్టె అదే. కొమ్ముల పురుగులు కొమ్ములతోనే ఉన్నాయి, పెంకులు మెరుస్తూనే ఉన్నాయి. ఆయన ఒకదాన్ని ఊదారు. పెంకు ఊడి పక్కకు పడింది. లోపల ఏమీ లేదు. రెండో పెట్టె, మూడోది. సూదులూ చీటీలూ మాత్రం వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. పిన్నికి గొడుగు ఇద్దామని వెళ్లాను. అందుకే మిగతాది నేను చూశాను. క్యూరేటర్ గారు అద్దం కింద ఒక పురుగును పెట్టుకుని కూర్చున్నారు. గేటు తాత తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది పొగాకు పురుగు. ఎండినదేదైనా తింటుంది కానీ, పొగాకు లేనిదే ఇక్కడికి రాదు. ఈ మేడలో పొగాకు తెచ్చేది నువ్వొక్కడివే తాతా."

"నా నోట్లోంచి ఎగిరొచ్చిందంటారా సార్?"

"నీ సంచీ ఎక్కడ పెడతావు?"

"కింది గదిలోనే సార్, బీరువా పక్కన మేకుకి. ఎప్పుడూ అక్కడే కదా!"

"నేను పైకి రాయాలి. ఎవరో ఒకరిని చూపించమంటారు. ఏమీ చెయ్యలేను."

తాత దవడ ఆడటం ఆగిపోయింది. నమిలేది మింగేశాడనుకుంటాను. పిన్ని బల్ల మీది పట్టకారు తీసి తుడిచింది. తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది.

"తాతని పంపకండి సార్. ఆ ఆకు నాది."

క్యూరేటర్ గారికి అర్థం కాలేదు. "నువ్వు కూడా నములుతావా అమ్మా?"

"నమలను సార్. ఆయన పెట్టెలో పెట్టాను."

"ఎందుకు?"

పిన్ని పెట్టె ఉన్న వైపు చెయ్యి చూపింది. ఆయన లేచి వెళ్లి పెట్టె మూత తీశారు, వంగి వాసన చూశారు. చాలాసేపు వంగే ఉన్నారు. ఆ తర్వాత ఎందుకని మళ్లీ అడగలేదు.

"పొడి ఎప్పుడు చూశావు?"

"ఎండల్లో."

"ఎండల్లోనా! అప్పుడే చెబితే ఒక్క పెట్టెతో పోయేది కదమ్మా!"

"నాకున్నది ఆ ఒక్క పెట్టే కదా సార్."

వాన తగ్గింది. బయటికి వచ్చాక గేటు తాత పిన్ని వెనకాలే నాలుగడుగులు నడిచాడు.

"ఎందుకు చెప్పావు సూదులమ్మా? పోతే నా ఉద్యోగం పోయేది. నేనెలాగూ పోయేవాణ్ణే."

"నోరు మూసుకో తాతా."

"మూసుకుంటే నమిలేదెట్లా?" అన్నాడు కానీ, ఆ మాటకు ఆయనకే నవ్వు రాలేదు.

నేల ఆరాక డ్రమ్ము పెరట్లోకి దొర్లించారు. క్యూరేటర్ గారు వేరే మనిషిని పిలిపిస్తానన్నారు. పిన్ని ఒప్పుకోలేదు. పళ్ల డాక్టరు బీరువాలో పెట్టెలన్నీ ఒక్కొక్కటే తెచ్చి వేసింది. కార్కు అడుగులు చిటపటమన్నాయి, వార్నిషు పొంగి నల్లబడింది. డాక్టరు బీరువా అయిపోయాక బాబాయి పెట్టె తెచ్చింది. క్యూరేటర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఒక్క చీటీ తీసుకో అమ్మా. నేను చూడలేదనుకో."

"సూది గుచ్చిన బెజ్జంలో గుడ్లుంటాయి సార్" అని పెట్టెను మూతతో సహా డ్రమ్ములో దించింది.

గాలి ఒక దిక్కున నిలవడం లేదు. పొగ మా మీదికి తిరిగితే క్యూరేటర్ గారూ తాతా నేనూ దగ్గుతూ అవతలికి పరిగెత్తాం. పిన్ని పరిగెత్తలేదు. పొగ ఎటు తిరిగితే అటు జరిగింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, ముక్కు ఎగబీలుస్తోంది, మళ్లీ జరుగుతోంది. తాత చూడలేక గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

కింది గది ఖాళీ అయింది. ఖాళీ గది చూడటానికి ఎవరూ రారు కాబట్టి మరుసటి ఏడు మ్యూజియం మూసేశారు. మేడమీద మిగిలిన పెట్టెల్ని ఏదో కాలేజీకి బండిలో తోలారు. తాతకు ఏమీ కాలేదు. పిన్ని మీద పైకి ఏం రాశారో తెలియదు. నీటిపన్ను ఆఫీసులో కాగితాలు మోసే పనికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. పురుగుల మాట మళ్లీ ఎత్తలేదు. అవన్నీ తర్వాతి సంగతులు.

పెట్టెలు కాల్చిన రోజు మేమిద్దరం ఇంటికి నడిచొచ్చాం. నేను పొయ్యి మీద నీళ్లు పెట్టాను. పిన్ని వెనక గుమ్మంలో పనికోటు విప్పకుండా కూర్చుంది. నీళ్లు కాగాక తొట్టిలో పోసి పిలిచినా లేవలేదు. కాసేపటికి నన్ను రమ్మని చెయ్యి ఊపింది. కోటు చేతిని నా మొహం దగ్గరికి చాపింది.

"చూడు. వస్తోందా?"

వంగి వాసన చూశాను. కార్కు, వార్నిషు, కలరా ఉండలు. ఎంత పీల్చినా అవే.

"నీళ్లు చల్లారిపోతాయి పిన్నీ" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. తనూ ఒకసారి వాసన చూసుకుంది. గోడ పట్టుకుని లేచి, కోటు విప్పి మేకుకు తగిలించింది. ఆసరాకని నేను ముందుకు రాబోతే వెనక్కి జరిగింది.

"ఆగక్కడ. నన్ను ముట్టుకోకు. నీళ్లు పోసుకుని వస్తాను" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.